దించే సంతకం ఎవరి చేతిలో ఉంది?

కొన్నేళ్ళ కిందటి మాట. సోమవారం పొద్దున కలెక్టరేట్‌లో ప్రజావాణి. మా ఊరి వాళ్ళం పది పన్నెండు మందిమి ఆటోలో వెళ్ళి లైన్లో నిలబడ్డాం. చేతిలో నాలుగు పేజీల అర్జీ. మొదటి పేజీలో మా సర్పంచ్ మీద టైపు కొట్టించిన ఫిర్యాదు: వీధిలైట్ల బిల్లులు ఎత్తారు గానీ లైట్లు వెలగడం లేదు, గ్రామసభ పెట్టి ఏడాది కావస్తోంది, మోరీ పని రికార్డులో పూర్తయింది గానీ ఊళ్ళో మొదలే కాలేదు. మిగతా మూడు పేజీల నిండా సంతకాలు, వేలిముద్రలు. ఆఖరి పేజీలో ఇంకు ఎక్కువై వేలిముద్రలు ఒకదాని మీద ఒకటి అలుక్కుపోయాయి. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి కాగితం తీసుకుని, నంబరు వేసి, రసీదు చేతికిచ్చింది. "డీపీవో గారికి పంపిస్తాం" అంది. అంటే జిల్లా పంచాయతీ అధికారికి.

మాతో వచ్చిన ఒక ముసలమ్మ అక్కడే ఆగిపోయింది. "ఓట్లేసి గెలిపించింది మేమే గద బిడ్డా, ఒద్దు దిగిపో అనెతందుకు మళ్ళ ఈళ్ళను అడగాల్నా?" అంది.

ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆ రోజు నా దగ్గరా లేదు. ఆ తర్వాత చట్టాలు ముందేసుకుని కూర్చుంటే తెలిసిందేమిటంటే, ఆమె అడిగింది చాలా పెద్ద ప్రశ్న. దానికి మన దేశంలోనే నాలుగైదు రాష్ట్రాలు నాలుగైదు రకాలుగా జవాబు చెప్పాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలు మాత్రం సర్పంచ్ విషయంలో ఇంతవరకు ఏ జవాబూ చెప్పలేదు.

నాలుగు దారులు, నలుగురు మనుషులు

ఈ విషయం మాట్లాడేటప్పుడు అన్నీ కలగాపులగం అవుతుంటాయి. "అవిశ్వాసం పెట్టి దించేశారు", "కలెక్టర్ తీసేశాడు", "రీకాల్ చెయ్యాలి" అని ఒకే గాటన కట్టేస్తాం. ఎన్నికైన మనిషి గడువుకు ముందే కుర్చీ దిగడానికి దారులు నాలుగున్నాయి. ఒక్కో దారిలో పెత్తనం ఒక్కొక్కరిది.

మొదటిది అనర్హత. ఫలానా పని చేస్తే, లేదా చెయ్యకపోతే, పదవి పోతుందని చట్టంలో ముందే రాసి ఉంటుంది. రెండోది తొలగింపు. ఇది అధికారి చేసే పని. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్, తెలంగాణలో 2018 చట్టం 37వ సెక్షన్ ప్రకారం జిల్లా కలెక్టర్ సర్పంచ్‌ని తొలగించవచ్చు. నిధుల దుర్వినియోగమో, అధికార దుర్వినియోగమో, విధుల్లో కావాలని చేసిన నిర్లక్ష్యమో కనబడాలి. షోకాజ్ నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరగాలి. మూడోది అవిశ్వాసం. ఇది తోటి సభ్యుల చేతిలో ఉంటుంది. ఎంపీపీని ఎంపీటీసీలు, జెడ్పీ చైర్‌పర్సన్‌ని జెడ్పీటీసీలు, మేయర్‌ని కార్పొరేటర్లు దించుతారు. నాలుగోది రీకాల్. గెలిపించిన ఓటర్లే సంతకాలు చేసి, మళ్ళీ ఓటేసి, వెనక్కి పిలుస్తారు.

2025 ఏప్రిల్ 19న విశాఖపట్నంలో జరిగింది మూడో రకం. 2021లో మేయర్ అయిన గొలగాని హరి వెంకట కుమారికి నాలుగేళ్ళు నిండాక అవిశ్వాసం నోటీసు ఇచ్చారు. కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో (వేరే పదవి రీత్యా వచ్చే) సభ్యులు కలిసి 74 ఓట్లతో తీర్మానం నెగ్గించారు. నగరంలో లక్షల మంది ఓటర్లున్నా ఆ రోజు వాళ్ళలో ఒక్కరినీ ఎవరూ ఏమీ అడగలేదు. చట్టం ప్రకారం అడగాల్సిన పని లేదు కూడా, ఎందుకంటే మేయర్‌ని ఎన్నుకున్నది కార్పొరేటర్లే. తెలంగాణలోనూ ఇంతే. 2020 జనవరి 27న కొలువుదీరిన మున్సిపల్ పాలకవర్గాలకు మూడేళ్ళు నిండాయో లేదో, జిల్లా తర్వాత జిల్లాలో అవిశ్వాసాలు మొదలయ్యాయి. కౌన్సిలర్లను బస్సులెక్కించి క్యాంపులకు తీసుకెళ్ళడం, ఓటింగ్ రోజు నేరుగా ఆఫీసు గేటు దగ్గర దించడం మనం చూసిందే. దీన్ని రీకాల్ అనకూడదు. ఇది సభ లోపలి లెక్క.

ఇప్పుడు సర్పంచ్ దగ్గరికి వద్దాం. ముసలమ్మ ప్రశ్న ఉన్నది ఇక్కడే.

సర్పంచ్‌ని ఊరి ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. కాబట్టి వార్డు మెంబర్లు సర్పంచ్ మీద అవిశ్వాసం పెట్టడానికి లేదు. వాళ్ళు పెట్టగలిగేది తాము ఎన్నుకున్న ఉప సర్పంచ్ మీదే. ఇందులో న్యాయం ఉంది. ఊరంతా ఓటేసి ఇచ్చిన పదవిని ఏడెనిమిది మంది ఒక రాత్రి ఎవరింట్లోనో కూర్చుని లాక్కోవడం కుదరకూడదు. అయితే చట్టం సగం పనే చేసింది. మెంబర్ల చేతిలోంచి ఆ అధికారం తీసింది గానీ ఓటర్ల చేతిలో పెట్టలేదు. ఇక మిగిలింది కలెక్టర్ ఒక్కరే.

కలెక్టర్ తొలగించాలంటే తప్పు రుజువు కావాలి. ఊరికి నమ్మకం పోయిందన్నది రుజువు కింద లెక్కలోకి రాదు. సర్పంచ్ పైసా తినకపోవచ్చు, రూలు తప్పకపోవచ్చు, కానీ గెలిచిన మర్నాటి నుంచి పట్నంలో కాపురం ఉంటూ నెలకోసారి చెక్కుల మీద సంతకాలకు మాత్రం ఊరికి రావచ్చు. ఏరు దాటే దాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. అలాంటి మనిషిని ఏ సెక్షన్ కింద తీసేస్తారు? ఇంకో పక్క, కలెక్టర్ మీద ఒత్తిళ్ళు ఉంటాయి. సర్పంచ్ ఏ పార్టీ మనిషి అన్నదాన్ని బట్టి ఫైలు పరిగెత్తడమో పడుకోవడమో జరుగుతుందని ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు.

రీకాల్‌కి నేరం అక్కర్లేదు. అది శిక్ష కాదు కాబట్టి రుజువులూ వాదనలూ అక్కర్లేదు. ఇచ్చిన అప్పగింత వెనక్కి తీసుకోవడం, అంతే. పొలం కౌలుకిచ్చిన రైతు దుక్కి దున్నలేదని కౌలుదారుని మార్చుకున్నట్టు.

మూడు వేల ఓట్ల ఊరు

"రీకాల్ ఉండాలి" అని తీర్మానించడం తేలిక. ఎంతమంది సంతకం చెయ్యాలి, ఎంతమంది ఓటెయ్యాలి అన్న దగ్గరే అసలు సంగతంతా ఉంది. అంకెలు కొంచెం అటూ ఇటూ అయితే అదే చట్టం కాగితం పులి అవుతుంది, లేదంటే ఊరికి రోజూ తగువవుతుంది.

ఒక ఊరు అనుకుందాం. ఓటర్లు 3,000. ఎన్నికల రోజు 2,400 మంది ఓటేశారు. నలుగురు పోటీ పడితే గెలిచిన సర్పంచ్‌కి 950 ఓట్లు వచ్చాయి. మన ఊళ్ళలో ఇది మామూలు లెక్కే.

మధ్యప్రదేశ్ 1993 పంచాయతీ చట్టంలో 21-ఎ సెక్షన్ ఉంది. దాని ప్రకారం గ్రామసభ సభ్యుల్లో, అంటే ఊరి ఓటర్లలో, మూడో వంతు సంతకం చేస్తే రీకాల్ మొదలవుతుంది. మన ఊరి లెక్కన 1,000 సంతకాలు. ఆ తర్వాత రహస్య ఓటింగ్. మొత్తం ఓటర్లలో సగానికి మించి, అంటే కనీసం 1,501 మంది "దించాలి" అంటేనే సర్పంచ్ దిగుతాడు. గెలిచాక రెండున్నరేళ్ళ దాకా ఈ పని మొదలుపెట్టకూడదు. బీహార్ తన మున్సిపల్ చట్టంలో కౌన్సిలర్ల విషయంలో ఇంకా కఠినంగా రాసుకుంది: వార్డు ఓటర్లలో మూడింట రెండొంతుల మంది సంతకం పెట్టాలి. మన ఊరికి అదే కొలత పెడితే 2,000 సంతకాలు. అక్కడి నుంచి కాలిఫోర్నియా వెళ్తే, అక్కడి స్థానిక పదవులకు వెయ్యి నుంచి పది వేల లోపు ఓటర్లున్న చోట నాలుగో వంతు సంతకాలు చాలు. అంటే 750. కానీ 60 రోజుల్లో తేవాలి. ఆ తర్వాత జరిగే ఓటింగ్‌లో పోలైన ఓట్లలో మెజారిటీ వస్తే పదవి పోయినట్టే.

ఒకసారి ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 950 ఓట్లతో గెలిచిన మనిషిని దించడానికి ఒక చోట 1,501 మంది ఓటెయ్యాలి, ఇంకో చోట రెండు వేల మంది సంతకాలే పెట్టాలి. ఊళ్ళో ఎన్నికల రోజు ఓటేసిందే 2,400 మంది. రెండు వేల సంతకాలు ఎక్కడి నుంచి వస్తాయి?

పైగా "మొత్తం ఓటర్లలో" అన్న మాట మన ఊళ్ళలో చాలా బరువైన మాట. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు, శ్రీకాకుళం నుంచి చెన్నై, విశాఖలకు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళ పేర్లు ఓటరు లిస్టులో అలాగే ఉంటాయి. సర్పంచ్ ఎన్నికలప్పుడైతే పోటీ చేసేవాళ్ళే ఫోన్లు చేసి, బస్సు ఛార్జీలిచ్చి వాళ్ళను పిలిపించుకుంటారు. రీకాల్ ఓటింగ్‌కి ఎవరు పిలుస్తారు? ఎవరు ఛార్జీలు పెట్టుకుంటారు? రానివాళ్ళందరూ, వాళ్ళ మనసులో ఏముందో ఎవరికీ తెలియకుండానే, సర్పంచ్ ఉండాలని ఓటేసినట్టే లెక్క పడుతుంది. వలస ఎక్కువున్న ఊళ్ళో సర్పంచ్ అందరికంటే క్షేమంగా ఉంటాడు. అక్కడి జనానికి అడిగేవాడి అవసరం అందరికంటే ఎక్కువ.

వెనిజులా రాజ్యాంగంలో దీనికో మంచి కొలత ఉంది. దించాలన్న ఓట్లు, ఆ మనిషి గెలిచినప్పుడు వచ్చిన ఓట్లకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మన ఊరి లెక్కన 950. గెలిపించినంత మంది కూడి వద్దంటే ఇక వద్దన్నట్టే. నాకు చూసినవాటిలో ఇదే అన్నిటికంటే న్యాయంగా తోచింది.

తైవాన్‌లో కావోసియుంగ్ అనే పెద్ద నగరం ఉంది. అక్కడ 2018లో హాన్ కువో-యు 8.92 లక్షల ఓట్లతో మేయర్ అయ్యారు. ఏడాది తిరక్కుండానే దేశాధ్యక్ష ఎన్నికల బరిలోకి దిగారు, ఓడిపోయారు. నగరం ఊరుకోలేదు. 2020 జూన్ 6న రీకాల్ ఓటింగ్ జరిగింది. దించాలని 9.39 లక్షల మంది ఓటేశారు. గెలిపించినవాళ్ళకంటే దించినవాళ్ళే ఎక్కువ. తైవాన్ చట్టం మొత్తం ఓటర్లలో నాలుగో వంతు మంది దించాలంటే చాలంటుంది, అక్కడ అది సుమారు 5.75 లక్షలు. ఫలితం దాన్ని చాలా దూరం దాటిపోయింది. ఇంత స్పష్టంగా తేలితే ఓడినవాళ్ళకు కూడా మాట్లాడటానికేమీ ఉండదు.

ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ

మన దేశంలో నిజంగా ఓటర్లు ఓటేసి దించిన సందర్భాలు ఉన్నాయి. మధ్యప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 47వ సెక్షన్ దీనికి ఆధారం. అక్కడ మున్సిపల్ అధ్యక్షుల్ని ప్రజలు నేరుగా ఎన్నుకున్న కాలంలో ఈ ఏర్పాటు చేశారు. బ్యాలెట్ మీద పేర్లుండవు. రెండే బొమ్మలు. ఒకటి ఖాళీ కుర్చీ, ఇంకోటి మనిషి కూర్చున్న కుర్చీ. దిగిపోవాలంటే ఖాళీ కుర్చీ మీద ముద్ర, ఉండాలంటే నిండు కుర్చీ మీద ముద్ర. చదువు రానివాళ్ళకు కూడా ఒక్క క్షణంలో అర్థమయ్యే ప్రశ్న. 2001లో అనూప్‌పూర్ పట్టణ ఓటర్లు ఈ పద్ధతిలో తమ అధ్యక్షురాలిని దించారు. 2008 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో గుండర్‌దేహి, నవాగఢ్, రాజ్‌పూర్ పట్టణాలు మూడూ ఒకేసారి తమ అధ్యక్షుల్ని వెనక్కి పిలిచాయి. 2012 డిసెంబరులో రాజస్థాన్‌లోని మాంగ్రోల్‌లో కూడా ఇలాంటి ఓటింగ్ జరిగితే అక్కడి చైర్మన్ పదవి నిలబెట్టుకున్నారు. అంటే ఈ ఓటింగ్ పెడితే పదవి పోయినట్టేనని ముందే రాసిపెట్టుకోనక్కర్లేదు.

అయితే ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఓటు ప్రజలదే గానీ మొదటి సంతకం వాళ్ళది కాదు. కౌన్సిలర్లలో నాలుగింట మూడొంతుల మంది సంతకం చేసి కలెక్టర్‌కిస్తే, ఆయన సరిచూసి ప్రభుత్వానికి పంపిస్తే, ప్రభుత్వం రాష్ట్ర ఎన్నికల సంఘానికి చెప్తే, అప్పుడు ఓటింగ్. రాజస్థాన్‌లోనూ ముందు నాలుగింట మూడొంతుల మంది సభ్యులు కదలాలి. మహారాష్ట్రలో సర్పంచ్‌ని నేరుగా ఎన్నుకోవడం మొదలుపెట్టినప్పుడు అక్కడా ఇదే దారి పట్టారు: ముందు నాలుగింట మూడొంతుల మంది మెంబర్లు తీర్మానం చెయ్యాలి, ఆ తర్వాత గ్రామసభ రహస్య ఓటింగ్‌లో సరే అనాలి.

ఇది కీలకం. పట్టణమంతా విసిగిపోయినా కౌన్సిలర్లు, చైర్మన్ కలిసిపోతే తాళం తెరుచుకోదు. పట్టణం సంతృప్తిగా ఉన్నా కౌన్సిలర్లకు కాంట్రాక్టుల్లో వాటా అందకపోతే తాళం తెరుచుకుంటుంది. ఓటరుకు ఆఖరి మాట ఇచ్చి, మొదటి మాట ఇవ్వలేదు. నలుగురికీ నచ్చే మధ్యేమార్గం అని చట్టం చేసినవాళ్ళు అనుకుని ఉంటారు. నాకు మాత్రం తలుపు ఇచ్చి గడియ లోపలివాళ్ళకే వదిలేసినట్టు ఉంటుంది.

హర్యానా 2020 నవంబరులో ఒక అడుగు ముందుకేసింది. సర్పంచ్, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ సభ్యుల మీద ఓటర్లే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రీకాల్ మొదలుపెట్టొచ్చని చట్టం చేసింది. రహస్య ఓటింగ్‌లో మూడింట రెండొంతుల మంది వద్దంటే పదవి పోతుంది. పదవిలోకొచ్చిన మొదటి ఏడాది మాత్రం ఇది పెట్టకూడదు.

ఇదంతా రాష్ట్రాల స్థాయిలోనే ఎలా సాధ్యమైందని అనుమానం రావచ్చు. స్థానిక సంస్థలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి సర్పంచ్‌ని వెనక్కి పిలిచే హక్కు ఇవ్వడానికి పార్లమెంటు గడప తొక్కక్కర్లేదు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో అసెంబ్లీ ఒక సవరణ చేస్తే చాలు. ఎమ్మెల్యేలు, ఎంపీల సంగతి వేరు. 1925లోనే హిందుస్థాన్ రిపబ్లికన్ అసోసియేషన్ విప్లవకారులు తమ ప్రణాళికలో ఈ హక్కు ఉండాలన్నారు. 1974లో జయప్రకాశ్ నారాయణ్ అడిగారు, అదే ఏడాది లోక్‌సభలో సి.కె. చంద్రప్పన్ బిల్లు పెట్టారు, అది నెగ్గలేదు. ఆ తర్వాత కూడా అలాంటి చట్టం రాలేదు.

కోర్టు కూడా అడ్డు చెప్పలేదు. రాయ్‌బరేలీ మున్సిపల్ అధ్యక్షుడి కేసులో 1992లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఎన్నికవడం చట్టం ఇచ్చిన హక్కు, కాబట్టి దించే పద్ధతి కూడా చట్టం పెట్టొచ్చు. ఆ కేసులో ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి బోర్డు సభ్యులు దించినా చెల్లుతుందని తీర్పొచ్చింది. సభ్యులు దించితేనే చెల్లినప్పుడు ఓటర్లు దించితే చెల్లదని ఎవరంటారు?

సంతకం పెట్టాలంటే భయం

ఓటు రహస్యం. సంతకం బహిరంగం. ఈ తేడా పట్నంలో పెద్దగా తెలియదు గానీ ఊళ్ళో ప్రాణం మీదికొస్తుంది. ఇందిరమ్మ ఇంటి జాబితాలో పేరుండాలన్నా, పింఛను కాగితం కదలాలన్నా ఏదో ఒక దగ్గర సర్పంచ్ మాట చెల్లుతుంది. మా అర్జీ తిప్పినప్పుడు ఒకాయన పెన్ను చేతిలోకి తీసుకుని, క్యాప్ తీసి, మళ్ళీ పెట్టి తిరిగిచ్చేశాడు. "నా కొడుకు పనికి అడ్డం పడతడు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఇంకొకాయన ఇంట్లో నలుగురి పేర్లూ తానే రాసేశాడు, అడ్డుకుంటే "మా ఇంట్లవాళ్ళదే గదా" అన్నాడు. అర్జీ కాబట్టి సరిపోయింది. పదవి తీసేసే కాగితమైతే ఆ నాలుగు పేర్లూ ఫోర్జరీ కేసు.

జపాన్‌లో ఇది చాలా పెద్ద ఎత్తున జరిగింది. 2020లో ఐచి రాష్ట్ర గవర్నర్‌ని దించాలని సుమారు 4.35 లక్షల సంతకాలు అధికారులకు ఇచ్చారు. పరిశీలిస్తే 83 శాతం చెల్లనివని తేలింది. కూలికి మనుషుల్ని పెట్టి లిస్టుల్లోంచి పేర్లు చూసి రాయించారని బయటపడింది, 2021లో అరెస్టులు జరిగాయి. అంత పద్ధతిగల దేశంలోనే అలా జరిగితే, ఓటరు లిస్టు ఎవరి ఫోన్లో పడితే వాళ్ళ ఫోన్లో ఉండే మన దగ్గర ఎంత జాగ్రత్త కావాలి!

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకు ఈ సంతకాల పని కళ్ళారా తెలుసు. వారాంతంలో కిరాణా స్టోర్ ముందు క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడి, మీరు ఈ ఊరి ఓటరేనా అని అడుగుతుంటారు. లాస్ ఏంజెలెస్ నగరం 1903లోనే రీకాల్ తెచ్చుకుంది. మరుసటి ఏడాది ప్రింటింగ్ కాంట్రాక్టు గొడవలో ఒక కౌన్సిల్ సభ్యుణ్ణి దించింది. ఇప్పటి పద్ధతిలో ముందు నోటీసు ఇవ్వాలి, కారణం 200 పదాల్లో రాయాలి. పదవిలో ఉన్నవాళ్ళకు కూడా 200 పదాల జవాబు రాసుకునే హక్కుంది. రెండూ ఆ సంతకాల కాగితం మీదే అచ్చవుతాయి. ఇది నాకు బాగా నచ్చింది. సంతకం చేసేవాళ్ళు రెండు పక్షాల మాటా చూసి చేస్తారు. 2022 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో స్కూల్ బోర్డు సభ్యులు ముగ్గుర్ని ఓటర్లు ఇలాగే దించారు. కోవిడ్ తర్వాత బడులు తెరవడంలో ఆలస్యం చేశారన్నది పెద్ద కారణం. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు మన దేశం నుంచి వెళ్ళిన శివ రాజ్. ఒక్కొక్కరి మీద సుమారు 51 వేల చెల్లే సంతకాలు కావాల్సి వచ్చాయి. ఆ నగరంలో స్కూల్ బోర్డు ఎన్నికల్లో పౌరసత్వం లేని తల్లిదండ్రులు కూడా ఓటెయ్యొచ్చు. వీసా మీద ఉన్న తండ్రికి పిల్లల బడి విషయంలో ఒక ఓటు ఉంది. మన ఊళ్ళో పుట్టి పెరిగిన ముసలమ్మకు సర్పంచ్‌ని దించే విషయంలో ఆ ఓటు లేదు.

బ్రిటన్‌లో ఎంపీల విషయంలో ఇంకో పద్ధతి ఉంది. సంతకాల కోసం ఎవరూ ఇల్లిల్లూ తిరగరు. అధికారి కొన్ని కేంద్రాలు తెరుస్తాడు. ఆరు వారాల లోపు వెళ్ళి అక్కడ సంతకం చెయ్యొచ్చు. మన దగ్గరైతే ఇదే మేలు. మండలాఫీసులోనో మీసేవలోనో, ఊరికి కాస్త దూరంగా, రేషన్ షాపులో వేసినట్టు వేలిముద్ర మిషన్ మీద వేస్తే దొంగ సంతకాల బెడద సగం తీరుతుంది. పేర్లు సర్పంచ్ చేతికి చేరకూడదని చట్టంలోనే రాయాలి.

ఎవరి మీద పడుతుంది?

రీకాల్ వద్దనేవాళ్ళు చెప్పే కారణాల్లో చాలావాటికి నేను బదులు చెప్పగలను. ఒక్కదానికి మాత్రం ఆగి ఆలోచించాల్సి వచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో సగం సర్పంచ్ పదవులు మహిళలవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఉన్నాయి. తరాలుగా ఊరి పెత్తనం చేసిన ఇళ్ళ ముందు, ఆ ఇళ్ళలో కూలికి పోయిన మహిళ ఈ రోజు కుర్చీలో కూర్చుంటోంది. ఆమె తప్పు చేసినందుకు దించాలనుకునేవాళ్ళు కొందరుంటే, ఆమె అక్కడ కూర్చున్నందుకే దించాలనుకునేవాళ్ళు ఇంకొందరు ఉంటారు. రెండు రకాల సంతకాలూ కాగితం మీద ఒకేలా కనబడతాయి. దళిత మహిళా సర్పంచ్‌ల మీద అవిశ్వాసాన్ని ఆయుధంగా వాడిన ఉదంతాలు ఉత్తరాది రాష్ట్రాల నుంచి ఎన్నో వచ్చాయి.

దీనికి తోడు ఉప సర్పంచ్. సర్పంచ్ కుర్చీ ఖాళీ అయితే మళ్ళీ ఎన్నిక జరిగే దాకా బాధ్యతలు ఉప సర్పంచ్‌వే. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంటుంది, ఉప సర్పంచ్‌కి ఉండదు. కాబట్టి చాలా ఊళ్ళలో పాత పెత్తందారీ ఇంటి మనిషే ఉప సర్పంచ్ కుర్చీలో ఉంటాడు. తెలంగాణలో ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఇచ్చాక ఒకరు సంతకం పెడితే ఇంకొకరు పెట్టక పనులు ఆగిన ఊళ్ళు ఉన్నాయి. ఆమెను దించితే తనకు ఆరు నెలలో ఏడాదో పెత్తనం దొరుకుతుందని తెలిస్తే, సంతకాలు తిప్పేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

అయినా రీకాల్ వద్దని నేను అనను. ఆమెకు ఇప్పుడున్న రక్షణ కూడా కలెక్టర్ దయ మీదే ఉంది కదా. ఆ పెత్తందారీ ఇంటికి కలెక్టరేట్ దారి ఆమెకంటే బాగా తెలుసు. సస్పెన్షన్ ఆర్డరు ఒక్క మధ్యాహ్నంలో తేగలరు. ఊరి ఓటర్ల ముందు నిలబడి నేను చేసింది ఇదీ అని చెప్పుకునే అవకాశం ఆమెకు ఇప్పుడూ లేదు. రీకాల్ ఓటింగ్‌లో ఆ అవకాశం ఉంటుంది, ఆమెకు ఓటేసిన వాడల వాళ్ళ ఓటుకు విలువ ఉంటుంది. కాకపోతే కంచె గట్టిగా కట్టాలి. పదవీకాలం సగం అయ్యే దాకా పెట్టకూడదు, పదవీకాలంలో ఒక్కసారే పెట్టాలి. మూడో వంతు సంతకాలు రావాలి, అవి ఊళ్ళోని వార్డుల్లో కనీసం సగం వార్డుల నుంచి వచ్చి ఉండాలి, ఒక్క వాడ వాళ్ళే నింపేస్తే చెల్లకూడదు. ఆరోపణ పక్కనే ఆమె జవాబు అచ్చెయ్యాలి. దించాలన్న ఓట్లు ఆమెకు వచ్చిన ఓట్లను దాటాలి, ఉండాలన్న ఓట్లకంటే ఎక్కువ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కుర్చీ ఖాళీ అయిన కాలంలో చెక్ పవర్ ఉప సర్పంచ్‌కి పోకుండా అధికారి దగ్గర ఉండాలి. లాభం లేదని తెలిస్తే సగం కుట్రలు పుట్టకముందే ఆగిపోతాయి.

అప్పటిదాకా

తెలంగాణలో 2025 డిసెంబరులో ఎన్నికైన సర్పంచ్‌లు ఇప్పుడు పనిలో ఉన్నారు. వాళ్ళను దించే దారి ఓటర్లకు లేదు గానీ నిలదీసే దారులు ఉన్నాయి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 చట్టం చెప్తోంది. వరసగా రెండుసార్లు పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు. కాబట్టి గ్రామసభ జరగలేదన్న ఫిర్యాదుకు, పని బాగాలేదన్న ఫిర్యాదుకు లేని బలం ఉంది. పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం ఉంటుంది. అందులో జరగని సభలు జరిగినట్టు, రానివాళ్ళు వచ్చినట్టు సంతకాలు ఉండవచ్చు. సమాచార హక్కు కింద ఆ పేజీల నకళ్ళు, చెల్లించిన బిల్లుల కొలతల పుస్తకం నకళ్ళు అడగాలి. కలెక్టర్ రుజువు అడుగుతాడు కాబట్టి ఆ రుజువు మనమే సిద్ధం చేసుకుని వెళ్ళాలి.

మేం ఆ సోమవారం చేసిన పొరపాటు అదే. మూడు పేజీల సంతకాలు తీసుకెళ్ళాం గానీ ఒక్క నకలూ తీసుకెళ్ళలేదు. విచారణకు వచ్చిన అధికారి పుస్తకం తెరిచి చూపించాడు. గ్రామసభలు అన్నీ జరిగినట్టే ఉంది. ఒక సభ హాజరులో ముసలమ్మ పేరు పక్కన వేలిముద్ర కూడా ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తన బొటనవేలు ఆ ముద్ర పక్కన పెట్టి, "ఇది నాది కాదు సారూ, నా వేలుకు కొడవలి గాటు ఉంటది" అంది. విచారణ నివేదికలో ఆ మాట రాశారు. మా అర్జీ మొత్తంలో నిలబడిన రుజువు అదొక్కటే.